మూడో నంబరుకి నీలం సీలు

ఏప్రిల్ 2, బుధవారం

మూడో నంబర్ ప్రెస్‌కి నూనె మార్చడం ఇవాళ పూర్తయింది. నీలం సీళ్ళే వేయించాను. కాగితం మీద సంతకం పెట్టాను. ఇంతటితో ఆ గొడవ ముగిసింది. దీని గురించి ఇక రాసేదేమీ లేదు.

ఏప్రిల్ 3, గురువారం

రాసేదేమీ లేదన్నదాన్ని పొద్దున్నే లేచి ఇదే రాస్తున్నాను. అమ్మ ఇంకా లేవలేదు. చెల్లి స్నానాల గదిలో గొంతు చించుకుని పాడుతోంది. దాని పాట ఆగేలోపు రాసెయ్యాలి.

ఫిబ్రవరిలో జరిగినదానికి నేనేమీ కారణం కాదు. రబ్బరు గొట్టం పగిలింది, ప్రెస్‌ని నడిపే మామూలు నూనె వేడి ప్లేటు మీద చిమ్మింది, భగ్గుమంది. చెల్లి కనుబొమ్మ ఒకటి సగం కాలిపోయింది. నెల రోజులు పెన్సిల్‌తో గీసుకుని తిరిగింది. మాది పెనాలకూ గిన్నెలకూ పిడులు చేసే ఫ్యాక్టరీ. అచ్చులో నల్లపొడి పోస్తే, నూట అరవై డిగ్రీల వేడితో పై ప్లేటు దిగి నొక్కుతుంది, మళ్ళీ లేస్తుంది. అప్పుడు రెండు చేతులూ లోపల పెట్టి పిడులు తీయాలి. రోజుకి నూట యాభై సార్లు. మూడో నంబర్ మీద ఆ చేతులు మా చెల్లివి. ఆ ఉద్యోగం ఇప్పించింది నేనే.

మంట తర్వాత మేనేజర్‌కి భయం పట్టుకుంది. నిప్పంటుకోని నూనె తెప్పించాడు. అందులో సగానికి దగ్గరగా నీళ్ళే. రంగు చూసి అందరూ గులాబీ నూనె అంటున్నారు. నూనె మారితే సీలు సంగతేమిటి అనే ప్రశ్న వస్తుంది. మా ఫ్యాక్టరీలో ఆ ప్రశ్న వచ్చిందంటే అందరూ నా వైపే చూస్తారు.

చూడాలి కూడా. ఆ పై ప్లేటు ఎనిమిది వందల కిలోలు. అది పైన నిలబడి ఉందంటే దానిపైనున్న సిలిండర్లో నూనె బయటికి పోలేకపోతోంది కాబట్టి. ప్లేటుని మోసే రాడ్డు చుట్టూ నా చిటికెన వేలంత మందం లేని సీలు ఒకటి ఆ నూనెని ఆపుతుంది. అది ఒప్పుకున్నంతసేపే ఆ బరువు పైన ఉంటుంది.

ఇదివరకు నల్లవి వాడేవాళ్ళు, నైట్రైల్ రబ్బరువి. ఆర్నెల్లకి అరిగిపోయేవి. మూడేళ్ళ కిందట నీలం పాలీయురేథేన్ సీళ్ళు తెచ్చింది నేను. స్టోరులో నట్లూ బోల్టులూ లెక్కపెట్టుకునేదాన్ని, ఆ సీళ్ళతోనే సంతకం పెట్టే కుర్చీకొచ్చాను. ఇప్పుడందరూ నన్ను నీలం మేడం అంటారు. విసుక్కున్నట్టు మొహం పెడతాను గానీ లోపల విసుగేమీ ఉండదు.

గులాబీ నూనెకి నల్లది మంచిదని సీళ్ళ కంపెనీ పట్టికలో ఉంది. నీలానికి ఎదురుగా 'పనిచేసే వేడిలో పరీక్షించి వాడాలి' అని ఉంది. పరీక్షించాను. నాకు పని నేర్పిన మాస్టారి పద్ధతే: సీలు ముక్క కోసి, గాజు సీసాలో అదే నూనెలో వేసి, అంతే వేడిలో ఏడు రోజులు ఓవెన్‌లో ఉంచాలి. ముందూ తర్వాతా తూచాలి, గోరుతో నొక్కి చూడాలి. సీసాలో నెగ్గని సీలుని మాస్టారు మెషీన్ ఎక్కనిచ్చేవాడు కాదు.

ఏడు రోజులూ ఉంచాను. కాకపోతే ఓవెన్‌ని పెయింటింగ్ సెక్షన్‌వాళ్ళు పట్టుకెళ్ళారు. రేపిస్తాం, ఎల్లుండి ఇస్తాం అంటూ ఇవ్వలేదు. అందుకని సీసా నా గది కిటికీలో పెట్టాను. ముక్క పెట్టింది పెట్టినట్టే వచ్చింది, గట్టిగా, మెరుస్తూ. ఫారంలో వేడి ఎంత అనే గడిలో, ప్రెస్ నడిచేటప్పుడు నూనె ఎక్కే వేడి, అరవై అని రాశాను. గడి ఖాళీగా వదిలేస్తే ఫారం తిరిగొస్తుంది కదా.

కిటికీ దగ్గర ఎండ బాగానే వస్తుంది.

ఏప్రిల్ 5, శనివారం

చుక్క లేదు. రాడ్డు అద్దంలా ఉంది.

ఫిట్టర్ బాబాయి స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించుకుని పంపు గుండె చప్పుడు విన్నాడు. అందుకే ఆయన్ని అందరూ డాక్టర్ అంటారు. విని, లేచి, "నల్లవే వేయించకపోయావా అమ్మా" అన్నాడు.

"ఆర్నెల్లకోసారి సిలిండర్ విప్పడం నీకంత సరదానా బాబాయ్?"

నవ్వాడు. నేనూ నవ్వాను.

ఏప్రిల్ 9, బుధవారం

మూడో నంబర్ రాడ్డు మీద పల్చగా గులాబీ తడి. కొత్త సీలు సర్దుకునేటప్పుడు అలా ఉంటుంది.

చెమ్మ, అంతే.

ఏప్రిల్ 10, గురువారం

చెల్లి చొక్కా చేతి మీద రూపాయి బిళ్ళంత గులాబీ మరక. అమ్మ చూసేలోపు తీసుకుని ఉతికేశాను.

"ఏంటక్కా, నీ బట్టలే నువ్వు ఉతుక్కోవు, ఇవాళ నావి ఉతుకుతున్నావు? ఏమైనా అప్పు కావాలా?"

"నోరు మూసుకుని తిను."

"మీ గులాబీ నూనె వాసన బాగోలేదక్కా. తీపిగా, వెగటుగా ఉంటుంది."

ఓవెన్ ఇవాళ తిరిగొచ్చింది. కొత్త ముక్క ఒకటి కోసి సీసాలో వేసి పెట్టాను, అరవై డిగ్రీల్లో. ఊరికే. రికార్డు కోసం.

ఏప్రిల్ 11, శుక్రవారం

టీ విరామంలో అందరూ బయటికెళ్ళాక పంపు ఆపి, పై ప్లేటు ఎక్కడుందో స్తంభం మీద సుద్దతో గీత గీశాను. పది నిమిషాలయ్యాక చూస్తే రెండు మిల్లీమీటర్లు కిందికి దిగింది.

వాల్వు కావచ్చు. వాల్వులు కూడా కారుతాయి.

ఏప్రిల్ 12, శనివారం

మూడు.

ఏప్రిల్ 13, ఆదివారం

అమ్మ చెల్లి వేళ్ళకి మందు రాస్తోంది. ఆ పనిలో వేళ్ళ కొసలు ఎప్పుడూ కొంచెం కందే ఉంటాయి. "ఈ వేళ్ళకి రేపు ఉంగరం ఎలా ఎక్కుతుందే" అని అమ్మ, "ఉంగరం తెచ్చేవాడే కొంచెం పెద్దది తెస్తాడులే" అని చెల్లి. ఇద్దరూ నవ్వుకుంటున్నారు. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను.

తర్వాత చెల్లి నా పక్కన కూలబడి, "నాకూ సీళ్ళు నేర్పించవా? ఎన్నాళ్ళని పిడులు ఏరుతాను?" అంది.

"నేర్పిస్తాను."

"అక్కా, ఒక మాటడుగుతాను, నవ్వకు. చేతులు లోపలున్నప్పుడు ఆ ప్లేటు పడిపోతే?"

"పడదు."

"లైట్ కర్టెన్ ఉంటుంది కదా, చెయ్యి అడ్డమొస్తే ఆగిపోతుంది."

అలవాటుగా పాఠం చెప్పేశాను. "లైట్ కర్టెన్ అయినా ఎర్ర బటన్ అయినా పంపునే ఆపుతాయి. బరువుని ఆపేది సీలు ఆపిన నూనె ఒక్కటే." చెప్పాక నాలిక్కరుచుకున్నాను.

"సీలు నువ్వే చూశావుగా. ఇక నాకేం భయం" అంటూ కాళ్ళు నా ఒళ్ళో చాపి టీవీ పెట్టుకుంది.

ఏప్రిల్ 14, సోమవారం

నాలుగు.

నల్ల సీళ్ళకి ఆర్డర్ పెట్టాను. 'నిల్వ కోసం' అని రాశాను. ఇరవై ఆరుకి వస్తాయట. ఇరవై ఎనిమిదిన ఎలాగూ నెలవారీ మరమ్మతుకి ప్రెస్‌లన్నీ ఆపుతారు. అప్పుడు మార్చేయిస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఎవరికీ ఏ నష్టమూ లేదు. పద్నాలుగు రోజులు. ఈ లోపల కొంపలేం మునగవు.

ఏప్రిల్ 15, మంగళవారం

ఐదు.

ఏప్రిల్ 16, బుధవారం

ఐదే. పెరగలేదు. అనవసరంగా హడలిపోతున్నాను.

ఏప్రిల్ 17, గురువారం

ఓవెన్‌లో పెట్టిన సీసాకి ఏడు రోజులు నిండాయి.

తలుపు గడియ వేసుకుని తీశాను. ముక్క రంగు వెలిసిపోయింది, వేళ్ళకి జిగటగా అంటుకుంది. గోరు పెట్టి నొక్కాను. దిగిన గుంట దిగినట్టే ఉండిపోయింది. వంచాను. మెల్లిగా, చప్పుడు లేకుండా చీలింది.

నీళ్ళే దాన్ని తినేశాయి. వేడినీళ్ళు. చల్లటి సీసాలో ఏడు నెలలుంచినా నాకీ సంగతి తెలిసేది కాదు. మాస్టారు ఆ ఓవెన్ కోసం అంత పట్టుపట్టింది ఇందుకే. నాకు తెలియక కాదు. నీలం సీలు ఓడిపోవడం నాకు ఇష్టం లేక.

మేనేజర్ గది దాకా వెళ్ళాను. ఫోన్లో ఎవరితోనో నెలాఖరులోగా సరుకు పంపిస్తానని ఒట్లు వేస్తున్నాడు. తలుపు దగ్గర కాసేపు నిలబడ్డాను. లోపలికెళ్ళి చెప్తే ముందు ఫారం తీయమంటాడు. ఫారంలో అరవై ఉంది, నా చేతిరాతతో. తెలియక పొరపాటు చేశానంటే క్షమిస్తారు, కొలవని అంకె వేశానంటే ఎవరు క్షమిస్తారు? మళ్ళీ స్టోరులోకే పంపుతారు, లేకపోతే బయటికి. నన్ను చూసి నవ్వే మొహాలు ఒక్కొక్కటే కళ్ళముందుకొచ్చాయి.

వెనక్కొచ్చాను. అన్నం సయించలేదు. డబ్బా అలాగే ఇంటికి తెచ్చాను. అమ్మ అడిగితే కడుపులో బాగోలేదన్నాను.

ఆరు.

ఏప్రిల్ 18, శుక్రవారం

ఇవాళ మేనేజర్ గదిలోకి వెళ్ళాను.

"సార్, మా చెల్లికి ఆ పొడి పడట్లేదండీ. ఇంట్లో ఒకటే దగ్గు. కొన్నాళ్ళు తనిఖీ బల్ల మీదికి మార్చగలరా?"

"అయ్యో, ముందే చెప్పొద్దూ" అన్నాడు, అంతే. కాగితం కూడా అడగలేదు. ఇంత తేలిక అనుకోలేదు. రేపటి నుంచి చెల్లి తనిఖీలో, ప్యాకింగ్‌లో పనిచేసే ఆవిడ ప్రెస్ మీద.

చెల్లి ఇంటికొచ్చి ఒంటికాలి మీద లేచింది. "నాకు దగ్గెప్పుడొచ్చిందే? నా ప్రెస్ నాకు అలవాటైంది. కూర్చుని గీతలు వెతుక్కోడానికా నేను చేరింది?"

"సీళ్ళు నేర్చుకుంటానన్నావుగా. ముందు తనిఖీ నేర్చుకో."

"ఆ మాటేదో ఆయనకే చెప్పచ్చుగా. దగ్గెందుకు?"

వంటింట్లోకి వెళ్ళాను.

ఏప్రిల్ 19, శనివారం

చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాను.

ఎనిమిది.

ఏప్రిల్ 21, సోమవారం

ఆవిడని అందరూ ప్యాకింగ్ వదిన అంటారు. నలభై దాటి ఉంటుంది. నవ్విందంటే నాలుగు ప్రెస్‌ల చప్పుడునీ దాటి వినపడుతుంది. ఎవరైనా తెచ్చుకోకపోతే పెట్టచ్చని డబ్బా ఎప్పుడూ ఇద్దరికి సరిపడా తెస్తుంది. నాకూ రెండు మూడుసార్లు పెట్టింది.

చెల్లి పొడుగు. మోచేతుల దాకా పెడితే పిడులు అందేవి. వదిన పొట్టి. మడమలెత్తి నిలబడి, భుజాల దాకా వంగుతుంది. తల కూడా లోపలికి వెళ్తుంది.

ఇది నేను అనుకోలేదు.

ఏప్రిల్ 22, మంగళవారం

పదకొండు.

వదిన దగ్గరికి వెళ్ళి కొక్కెం ఇచ్చాను. "చేతులు పెట్టకండి వదినా, దీంతో లాగండి."

"కొక్కెంతో లాగితే పిడి గీసుకుపోతుంది మేడం. మీ చెల్లెలే తిప్పి కొడుతుంది. తనిఖీలో మహా కఠినంగా ఉంటోంది తెలుసా, అక్క పోలికే అంటున్నారందరూ." అంటూ వంగి చేతులతోనే తీసింది. నేను అక్కడే నిలబడి లెక్కపెట్టాను. తల లోపల పదకొండు సెకన్లు ఉంది. మళ్ళీ వంగింది. మళ్ళీ పదకొండు. ఇక నిలబడలేక వచ్చేశాను.

ఇంకా ఆరు రోజులే.

ఏప్రిల్ 23, బుధవారం

బాబాయి రాడ్డు మీద వేలు పెట్టి రాసి, వాసన చూసి, వేలు గుడ్డకి తుడుచుకున్నాడు. నేను అటుగా వెళ్తుంటే పిలిచాడు.

"అమ్మా, ఇది చెమ్మ కాదు. ఇట్లాంటివి నేను చూశాను. ముందు కొంచెం కొంచెంగా కారతాయి, కారతాయి, ఒకరోజు నిలువునా చిరుగుతాయి. అప్పుడు పట్టుకునేందుకేమీ ఉండదు."

"ఇరవై ఎనిమిదిన ఎలాగూ విప్పుతాం కదా బాబాయ్. నల్లవి తెప్పిస్తున్నాను."

నా మొహంలోకి చూశాడు. "సీసాలో పరీక్ష చేసే వేయించావు కదూ?"

"చేశాను."

"ఓవెన్‌లోనేనా?"

"ఆఁ."

"అయితే సరేలే" అన్నాడు, పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. నాకు పనిచెప్పేంత వయసుండి, ముప్పై ఏళ్ళు ఆ సిలిండర్లతోనే బతికిన మనిషి, నా ఒక్క 'ఆఁ' విని తన వేలు చెప్పినదాన్ని పక్కన పెట్టేశాడు. తిట్టినా బాగుండేది.

ఏప్రిల్ 24, గురువారం

నల్లవి ఇరవై ఆరుకి రావట. ముప్పైకట.

పద్నాలుగు.

ప్లేట్ల మధ్య ఇనుప దిమ్మలు పెట్టకుండా ఎవరూ చేతులు పెట్టకూడదని ఒక నోటీసు రాశాను. ఎందుకని అడుగుతారు. చించేశాను. ఇంకోసారి రాశాను. అదీ చించేశాను.

ఏప్రిల్ 26, శనివారం

నిన్నటిది ఇవాళ పొద్దున రాస్తున్నాను. 

పదకొండు గంటలకి చెల్లి పిడుల పళ్ళెం పట్టుకుని నా గదిలోకొచ్చింది. ఒక పిడి మీద గులాబీ చార చూపించింది.

"వదిన చొక్కా చూశావా? భుజాల మీద, మెడ మీద కూడా నూనే. నాకు చేతి మీదే అయ్యేది. పై నుంచి కారుతోందక్కా."

"చూశాను. మారుస్తున్నాం."

తలుపు వేసింది. "నాకు దగ్గుందని ఎందుకు చెప్పావు?"

నేను కాగితాలు సర్దుతున్నాను.

"అక్కా, ఇటు చూడు. ఆ ప్లేటు దిగుతోందా?"

"కొంచెం. ముప్పైకి సీళ్ళొస్తాయి, రాగానే మార్చేస్తాం."

"అంతవరకూ?"

"ఏం కాదులే. ఐదు రోజులు."

"ఏం కానిదానికి నన్నెందుకు తీయించావు?"

 ఏడు రోజులుగా నన్ను నేను అడక్కుండా తప్పించుకున్న ప్రశ్న అదే. చెల్లి నన్ను తేరిపార చూసింది. అరవలేదు. పళ్ళెం నా బల్ల మీద పెట్టి బయటికి నడిచింది.

మేనేజర్ దగ్గరికే వెళ్తోందనుకున్నాను. నిజం చెప్పాలంటే ఒక క్షణం హాయిగా కూడా అనిపించింది, నేను చెప్పే పని తప్పుతుందని. కిటికీలోంచి చూశాను. అది వెళ్ళింది మేనేజర్ గదికి కాదు. మూడో నంబర్ దగ్గరికి. వదినతో ఏదో చెప్పింది, వదిన చేతులు తుడుచుకుంటూ ఆఫీసు వైపు వెళ్ళింది. చెల్లి చేతి తొడుగులు వేసుకుంది.

ఎలా పరిగెత్తానో తెలియదు. నేను చేరేసరికి ప్లేటు పైన ఉంది, చెల్లి రెండు చేతులూ లోపలున్నాయి. పిడులు తీయడం లేదు. ఊరికే పెట్టి నిలబడింది. ఎర్ర బటన్ మీద కొట్టాను. పంపు ఆగిపోయింది. బటన్‌తో బరువు ఆగదని దానికి తెలుసు. చెప్పిందే నేను.

"చేతులు తియ్యి."

"ఎందుకు?"

"తియ్యమంటున్నానా!"

"ఎందుకు తియ్యాలో చెప్పు. గట్టిగా చెప్పు, అందరూ వినాలి. ఏం కాదన్నావుగా. ఏం కానప్పుడు నా చేతులుంటే ఏం?"

పక్క ప్రెస్‌ల మీదివాళ్ళు తిరిగి చూశారు. బాబాయి పెట్టె వదిలేసి వస్తున్నాడు. ఆఫీసు మెట్ల మీద వదిన ఆగిపోయింది. రాడ్డు మీంచి ఒక చుక్క చెల్లి మోచేతి మీద పడింది. అయినా చేతులు తియ్యలేదు. లాగుదామని దాని భుజం పట్టుకున్నాను. నాకన్నా బలమైంది, విదిలించేసింది.

ఐదారు సెకన్లు గడిచాయి. ఆ ఐదారు సెకన్లలో నేనేం చేశానో ఇక్కడైనా రాయాలి. నేను మాట వెతుక్కున్నాను. మా చెల్లి చేతులు దాని కిందుండగా, నా నోటిదాకా వచ్చిన మొదటి మాట 'వాల్వు'.

తర్వాత చెప్పాను. ఎంత గట్టిగా అరిచానంటే ఇప్పటికీ గొంతు మండుతోంది. "సీలు తప్పు! నీలం సీలు ఆ నూనెకి పనికిరాదు. నేను పరీక్ష వేడిలో చెయ్యలేదు. ఫారంలో అబద్ధం రాశాను. ఆ ప్లేటు ఎప్పుడైనా పడిపోవచ్చు. తియ్యవే, నీకు దణ్ణం పెడతాను, తియ్యి!"

తీసింది. తీసి, తొడుగులు విప్పి, నా వైపు చూడకుండా పక్కకెళ్ళి గోడకి ఆనుకుని కింద కూర్చుంది. బాబాయి ఇనుప దిమ్మలు తెచ్చి ప్లేట్ల మధ్య నిలబెట్టాడు. వాటి సీళ్ళు కూడా చూసేదాకా మిగతా మూడు ప్రెస్‌లు కూడా ఆపమన్నాను. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు మామూలుగానే ఉంది.

మధ్యాహ్నం సిలిండర్ విప్పారు. సీలుని బాబాయి వేలితో అలా లాగాడో లేదో తునకలుగా చేతిలోకొచ్చింది. "ఎన్నాళ్ళుండేది బాబాయ్?" అన్నాను.

"సాయంత్రం దాకా ఉండేదో, ఇంకో నెల ఉండేదో. నేను చెప్పలేను." తునకలు ఒక డబ్బాలో వేసి మూతపెట్టాడు. "ఓవెన్‌లోనేనా అని అడిగాను కదమ్మా నిన్ను" అన్నాడు. 

ఏప్రిల్ 27, ఆదివారం

మేనేజర్ నిన్న సాయంత్రం పిలిచాడు. సంతకం పెట్టే అధికారం నాకు ఇక లేదు. మిగతాది పై వాళ్ళు తేలుస్తారట. ఒక ఫారం ముందుకు తోశాడు. లోపం మొదట గమనించిన తేదీ అని ఒక గడి. వదిన కూడా అక్కడే ఉంది, ఆవిడ వాంగ్మూలం కూడా కావాలన్నారు.

"నిన్నటి తేదీ వెయ్యమ్మా" అన్నాడు మేనేజర్ మెల్లిగా. "నిన్న కనిపించింది, నిన్నే ఆపావు. నీకూ మంచిది, నాకూ మంచిది."

వదిన నా వైపు తిరిగింది. "మీకెప్పుడు తెలిసింది మేడం?"

పెన్ను పట్టుకుని కూర్చున్నాను. పదిహేడు అని వెయ్యచ్చు, సీసా తెరిచిన రోజు. అది అబద్ధమూ కాదు. కానీ రాడ్డు మీద తడి చూసిన రోజున నా ఒళ్ళు ఎలా చల్లబడిందో నాకు తెలుసు. చెమ్మ అని రాసుకున్న చెయ్యి నాదే.

"తొమ్మిదో తేదీన" అన్నాను. రాశాను.

"అయితే నన్నక్కడ పెట్టేటప్పటికి తెలుసన్నమాట."

"తెలుసు."

"తల లోపల పెట్టి చేశాను మేడం ఆ పని" అంది.  లేచి, డబ్బా సంచి భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది.

ఇవాళ మధ్యాహ్నం దాకా చెల్లి నాతో మాట్లాడలేదు. అమ్మకి ఏదో అర్థమైంది, ఏమీ అడక్కుండా ఇద్దరి మధ్యా తిరుగుతోంది. నేను వెనక మెట్ల మీద కూర్చుంటే చెల్లి అన్నం పళ్ళెం తెచ్చి నా పక్కన పెట్టి, తనూ కూర్చుంది. 

"వదిన ఇంటికెళ్ళొచ్చాను" అంది. "తిట్టలేదు. అదే భరించలేకపోయాను." పళ్ళెం నా వైపు జరిపింది. "నువ్వు చేసింది తప్పే అక్కా. జన్మలో మర్చిపోను. కానీ రాత్రంతా ఆలోచించాను. నీకు తెలియగానే ముందు నన్నే తీసేశావు. నాకేమవుతుందోనని నీకంత భయం. నీ చోట నేనుంటే నేనూ అదే చేసేదాన్నేమో. తిను."

నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. వేళ్ళ కొసలు గరుకుగా తగిలాయి.

తినచ్చు. ఆ ఫారం దానికి ఎవరూ చూపించరు. మేనేజర్ చూపించడు, వదిన ఇక ఆ మాటెత్తదు. ఇంత జరిగాక నాకు మిగిలింది ఈ చెయ్యి ఒక్కటే. నోరు మూసుకుంటే ఇది నాదే.

"ఫారంలో తేదీ వేశాను" అన్నాను. "నాకు తెలిసిన తేదీ."

"పద్దెనిమిదేగా. నన్ను మార్చిన రోజు."

"తొమ్మిది."

ముందు అర్థం కాలేదు దానికి. తర్వాత నా చెయ్యి వదిలేసి వేళ్ళ మీద లెక్కపెట్టింది. పది, పదకొండు, పన్నెండు. పదమూడు దగ్గర ఆగింది, ఆదివారం. మళ్ళీ పద్నాలుగు నుంచి మొదలుపెట్టి పద్దెనిమిది దాకా వచ్చింది.

"ఆ రోజులన్నీ అక్కడున్నది నేనే కదా అక్కా?"

అవునన్నాను.